నాన్న వేసిన పుస్తకాలన్నీ నెట్‌లో ఉచితంగా పెట్టేయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అల్లిపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్న విశాఖ పోర్టులో గుమస్తాగా చేస్తూ, జీతంలో మిగిల్చిన డబ్బుతో పుస్తకాలు వేశారు. 1979 నుంచి 2011 దాకా 31 పుస్తకాలు. ప్రచురణ సంస్థ అనగానే పెద్దగా ఊహించుకోకండి. అల్లిపురంలో మా ఇంటి ముందుగది, ఒక రబ్బరు స్టాంపు, ఒక రసీదు పుస్తకం, అంతే. వెయ్యి కాపీలు వేయడం, మూడొందలు అమ్మడం, రెండొందలు పంచడం, మిగిలినవి మంచాల కిందకి తోయడం. టెన్త్ పరీక్షలకి నేను చదివింది ఆ కట్టల మీద కూర్చునే. చీపురు పెట్టి ఊడవడానికి కూడా చోటు లేకుండా చేశారని అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది.

ఆ కట్టల్ని చాలావరకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తినేసింది. గాలికి ముందుగది కిటికీ రెక్క ఊడిపోయింది, రాత్రంతా జల్లు లోపలికే. తడిసిన పుస్తకాలు ఎంత ఉబ్బాయంటే కట్టిన పురికొస దానంతటదే తెగింది. కరెంటు లేదు కాబట్టి ఫ్యాను కింద ఆరబెట్టే దారీ లేదు. మేడ మీద పరిచి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టాం. ఆరాక అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే ఈ పుస్తకం బొమ్మ ఆ పుస్తకం వీపు మీదకి వచ్చేసింది. కొన్ని పుస్తకాలకి ఇప్పుడు ఇంట్లో మంచి కాపీ ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన నెల నాన్న స్నేహితుడొకాయన ఫోన్‌లో ఒక పీడీఎఫ్ పంపించారు. చూస్తే నాన్న 1986లో వేసిన కథల పుస్తకం. ఎవరో ఫోన్‌తో ఫొటోలు తీసి ఏదో గ్రూపులో పెట్టారు. ప్రతి పేజీ అంచునా ఆ మహానుభావుడి బొటనవేలు. నాన్నకి కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా, కాకపోతే నేననుకున్నందుకు కాదు. "దొంగతనం గొడవ తర్వాత చూద్దాం. 63, 64 పేజీలేవీ? ఆ కథంతా తిరిగేది అక్కడే కదా! వేసేవాడు సరిగ్గా వెయ్యొద్దూ?" అని రెండ్రోజులు అన్నం దగ్గర కూడా ఇదే గోల. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "మనమే అన్నీ సరిగ్గా పెట్టేద్దామే. డబ్బులొద్దు" అన్నారు.

ఆయనకి 79 ఏళ్లు. కాదనలేను. పైగా పుస్తకాలు పోస్టులో పంపడం కూడా భారమైపోయింది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేశాక నాన్న పార్సిళ్లు కట్టడం కూడా మానేశారు.

నాకు తెలియాల్సినవి: 31లో మేం పెట్టగలిగేవి ఎన్ని? నాలుగు నాన్న సొంత వ్యాసాలు. మూడు ఎప్పుడో 1920లలో వచ్చిన పాత పుస్తకాల పునర్ముద్రణలు. రెండు బెంగాలీ అనువాదాలు. మిగతా 22 ఈ చుట్టుపక్కల రచయితలవి. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. పీడీఎఫ్ పెడితే సరిపోతుందా, ఇంకేమైనా చెయ్యాలా? ఇవన్నీ ఏ సైట్లో పెడితే రేపు నేను లేకపోయినా ఉంటాయి?

*

ఏ షిఫ్ట్:

అక్కా, ముందు మీ నాన్నగారికి నా దండం చెప్పండి.

నేను చదివేదంతా కూర్మన్నపాలెం బస్సులో, ఆరంగుళాల ఫోన్‌లో. పీడీఎఫ్ అయితే ఒక్కో లైనూ పెద్దది చేసుకుని కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాలి. గాజువాక వచ్చేసరికి ఒక పేజీ అవుతుంది. దయచేసి ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫార్మాట్‌లో కూడా పెట్టండి. అక్షరం సైజు పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఇంకో మాట. డౌన్‌లోడ్ చెయ్యాలంటే పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్ అని ఫారం మాత్రం పెట్టకండి. అలాంటివి చూడగానే వెనక్కి వచ్చేస్తాను. టీటీడీ వాళ్ల ఈ-బుక్స్ చూడండి, ఉచితంగానే ఇస్తున్నారు. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే నేషనల్ బుక్ ట్రస్ట్ కూడా వందకి పైగా పుస్తకాలు ఉచితంగా పెట్టింది. పిల్లల కథలకైతే స్టోరీవీవర్ ఉంది, మా పాప రోజూ అందులోనే చదువుతుంది.

*

పేజ్‌మేకర్ పెద్దన్న:

మేడమ్, డాబాగార్డెన్స్‌లో ఇరవై ఏళ్లు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేశాను. మీ పుస్తకాల్లో ఒకటో రెండో నా చేతి మీదుగా వెళ్లినా వెళ్లుంటాయి.

మీ దగ్గర పాత సీడీలుంటే అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు, అను అనే పాత తెలుగు ఫాంట్లు ఉంటాయి. ఏటి చెప్పమంటారు, అది తెలుగులా కనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కి అది తెలుగని తెలీదు. లోపల ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, పైన తెలుగు బొమ్మలు తొడిగారు. అందుకే అలాంటి పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. గూగుల్‌లో వెతికినా ఆ పుస్తకం దొరకదు. ఈపబ్ కావాలంటే అంతా యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్‌కి తెలుగని తెలిసే అక్షరాల్లోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ వాటిని నమ్మి వదిలేయొద్దు. వత్తులు పక్క అక్షరానికి వెళ్లి తగులుకుంటాయి. కొటేషన్ గుర్తులు ఏదో ఒక అక్షరమై కూర్చుంటాయి.

1990కి ముందువి అసలు ఫైళ్లే ఉండవు. కంపోజిటర్ ఒక్కో సీసపు అక్షరం ఏరి కూర్చిన పుస్తకాలవి. వాటిని స్కాన్ చేసి ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేతే చదివించాలి. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మని డాక్స్‌తో తెరిస్తే తెలుగు బాగానే చదువుతుంది, ఖర్చు లేదు. అదే పని చేసే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. స్కాన్ మాత్రం 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గకూడదు. బొటనవేలు అసలు కనపడకూడదు!

కానీ ఓసీఆర్‌కి కొన్ని జబ్బులున్నాయి. ప, వ కలిపేస్తుంది. ధ, థ కలిపేస్తుంది. అచ్చు కొంచెం పలచగా పడితే మ, య కూడా. ఘ కనిపిస్తే ఫు అనుకుంటుంది. ఒకసారి ఒకాయన స్మారక సంచికకి ఇలాగే చేసి, టైము లేక ప్రూఫు చూడకుండా పంపేశాను. "ఘనమైన సన్మానం" కాస్తా "ఫునమైన సన్మానం" అయింది. వాళ్లబ్బాయి షాపుకొచ్చి అందరి ముందూ చదివి వినిపించాడు. అందుకే చెప్తున్నాను, ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు పాత పుస్తకం పట్టుకుని చూడాలి. రోజుకి పది పేజీలు మించి చెయ్యొద్దు, పదకొండో పేజీ నుంచి కళ్లు అబద్ధం చెప్తాయి.

ఫాంటుకైతే మండలి తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, ఉచితం, పుస్తకంలో పెట్టి పంచుకోవచ్చు కూడా. సీడీల్లోని పాత ఫాంట్లకి ఆ స్వేచ్ఛ ఉండదు.

*

కాపీరైటు కాగితాలు:

ఏ సైట్, ఏ ఫాంట్ అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ 31 పుస్తకాలనీ నేల మీద పరిచి కుప్పలు చెయ్యండి.

మన చట్టం 1957 నాటిది. రచయిత చనిపోయిన ఏడాది అయిపోయాక, మర్నాటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. మొదట 50 ఏళ్లే ఉండేది. 1941లో పోయిన టాగూరు రచనల గడువు 1991తో తీరిపోతుందని గొడవ రావడంతో 1992లో దాన్ని 60 చేశారు. అంటే 1964లో పోయినవాళ్ల రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ. గురజాడ 1915లో పోయారు, ఇబ్బంది లేదు. మన ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ పోయింది 1983లో, కాబట్టి 2043 ఆఖరు దాకా ఆగాలి. పుస్తకం పాతది కదా, అట్ట చిరిగింది కదా అని లెక్క మారదు. రచయిత ఎప్పుడు పోయారన్నదే చూడాలి. 1925లో రాసినాయన 1970 దాకా బతికుంటే ఆ పుస్తకం 2030 దాకా వారసులదే. మీ మూడు పునర్ముద్రణలకీ ఇదే లెక్క.

వాటిలో ఇంకో మెలిక ఉంది. మీ నాన్నగారు వేసినప్పుడు ఎవరో ప్రొఫెసర్ గారి చేత ముందుమాట రాయించి ఉంటారు, అట్ట మీద ఎవరో బొమ్మ వేసుంటారు. మూలం అందరిదీ అయినా ముందుమాట ఆ ప్రొఫెసర్‌ది, బొమ్మ ఆ చిత్రకారుడిది కావచ్చు. అనుమతి దొరక్కపోతే ముందుమాట తీసేసి, ఉత్త అక్షరాలతో అట్ట వేసుకోండి.

అనువాదాలకి రెండు తాళాలు: మూల రచయిత ఒకరు, అనువాదకుడు ఇంకొకరు. రెండూ తెరుచుకోవాలి.

ఇక ఆ 22. పుస్తకం మేం వేశాం కాబట్టి మాదే అని చాలామంది ప్రచురణకర్తలు అనుకుంటారు. మొదట మీరు చూడాల్సింది రచయితతో ఏం రాసుకున్నారని. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లనే అనుకుంటుంది. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, విడిగా పేరు పెట్టి రాస్తే తప్ప, ఆ ఒప్పందం వర్తించదని 2012 సవరణలో చేర్చారు. నాన్నగారి దగ్గర ఆ ఉత్తరాలున్నాయా?

*

అల్లిపురం అమ్మాయి:

ఉన్నాయి! బిస్కట్ల డబ్బాలో, ఎల్‌ఐసీ బాండ్ల కింద. అన్నీ ఇన్‌లాండ్ లెటర్లే. ఒకటి ఇలా ఉంది: "మీరు నా కథలను వెయ్యి ప్రతులు ప్రథమ ముద్రణ వేసుకొనుటకు నాకు అభ్యంతరము లేదు. పాతిక ప్రతులు నాకు పంపగలరు. ఇంట్లో అందరూ కులాసా." మడత మీద అక్షరాలు చెరిగిపోయాయి కానీ "ప్రథమ ముద్రణ" అన్న మాట మాత్రం శుభ్రంగా ఉంది. లోపలి పేజీ తీస్తే నాన్నే అచ్చు వేయించారు, "సర్వహక్కులు రచయితవి" అని. అంటే మావి కావన్నమాట.

నాన్నకి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత డైరీ తీసి పేర్లు రాయడం మొదలుపెట్టారు.

*

పాత పుస్తకాల బాబాయ్:

చెడ్డగా అనుకోవద్దమ్మా. ఉచితం అనేసరికి అందరూ దించుకుంటారు, ఎవరూ చదవరు. పది రూపాయలైనా పెట్టు. పది పెట్టి కొన్నవాడు కనీసం తెరిచి చూస్తాడు. నా షాపులో "తీసుకుపోండి" అని బయటపెట్టిన బల్ల మీదవి అలాగే ఎండుతుంటాయి, లోపల ఇరవై రాసి పెట్టినవి పోతుంటాయి.

*

అల్లిపురం అమ్మాయి:

బాబాయ్ గారూ, మీ మాట నాన్నకి చెప్పాను. "ఆయన బల్ల రోడ్డు మీద ఉంది. నాది ఇచ్ఛాపురంలో ఉన్నవాడికి కూడా అందాలి" అన్నారు. ఇద్దరూ కూర్చుని వాదించుకోండి, మధ్యలో నేను రాను.

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. 22 మందిలో 14 మంది ఇళ్లకి ఫోన్ చేశాం. తొమ్మిది కుటుంబాలు సరేనన్నాయి, వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాం. ఒకరు వద్దన్నారు, వాళ్ల అమ్మాయి మళ్లీ అచ్చు వేయించే ఆలోచనలో ఉందట. మంచిదే. నలుగురు ఆలోచించి చెప్తామన్నారు. విజయనగరంలో ఒకావిడ, రచయిత గారి భార్య, సంగతంతా విని "ఆ పుస్తకం నా దగ్గర కూడా లేదమ్మా, నాకొకటి పంపగలవా" అన్నారు. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు. ప్రింటు తీసి స్పైరల్ వేయించి పంపాను. ఉచిత ఈ-పుస్తకం మొదటి కాపీ అలా కాగితం మీద వెళ్లింది.

పెద్దన్న గారూ, మీరు చెప్పినట్టే అమ్మ పైకి చదువుతోంది, నాన్న పాత కాపీ పట్టుకుంటున్నారు. ఓసీఆర్ తప్పులతో పాటు 1986 నాటి అచ్చుతప్పులు కూడా నాన్న దిద్దేస్తున్నారు. "అప్పుడే చూడాల్సింది" అంటున్నారు ఒక్కోదానికీ. అమ్మ మాత్రం నలభై ఏళ్లుగా ఈ పుస్తకాల చుట్టూ ఊడ్చింది గానీ చదవడం ఇదే మొదటిసారట. మూడో కథ దగ్గర ఆగి, "ఇది మన ఎదురింటి వాళ్ల గొడవ కదూ" అంది.

*

కాపీరైటు కాగితాలు:

మంచి పని. సంతకం కాగితంలో మూడు సంగతులు విడిగా రాయించండి: ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వొచ్చని, ఎన్నేళ్లకని, ఏ లైసెన్సు (చదివేవాళ్లు ఎలా వాడుకోవచ్చన్న షరతులు) కింద అని. ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్‌లో పెట్టాలంటే వ్యాపారానికి వాడకూడదు అన్న షరతు ఉండకూడదు, అలాంటివి వాళ్లు తీసుకోరు. ఆ షరతు కావాలనుకున్న కుటుంబాల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టుకోండి. అక్కడ పెట్టడానికి డబ్బులక్కర్లేదు. ఉత్త డ్రైవ్ లింకు మీద ఆధారపడొద్దు. రెండేళ్లు వాడని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు. ఈ-పుస్తకానికి ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) కూడా విడిగా తీసుకోండి, మన దేశంలో ఉచితమే.

*

అల్లిపురం అమ్మాయి:

అలాగేనండీ. ఒక్క సాయం కావాలి. ఆ 1986 కథల పుస్తకానికి మా దగ్గర మిగిలిన కాపీలో 61 నుంచి 66 దాకా పేజీలు హుద్‌హుద్‌లో ముద్దయిపోయాయి. బొటనవేలు పీడీఎఫ్‌లో 61, 62, 65, 66 ఉన్నాయి. సరిగ్గా ఆ రెండే లేవు. ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పంపండి.

*

ఏ షిఫ్ట్:

అక్కా, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. ఈ గురువారం నాకు వీక్లీ ఆఫ్. పుస్తకం పేరు మెసేజ్ చేస్తే నేనే వెళ్తాను. వేలు పడకుండా తీస్తాను.