16 ఏళ్లకే ఓటు: 1989లో తొలి ఓటు వేసినవాళ్లు చెప్తారా?

నమస్తే అండి, మాది హనుమకొండ. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. 16 ఏళ్లకే ఓటు ఇవ్వాలని వచ్చే వారం కాలేజీ డిబేట్‌లో మాట్లాడాలి. ఆస్ట్రియాలో 2007లోనే ఇచ్చారని, మన దేశంలో 61వ రాజ్యాంగ సవరణతో వయసు 21 నుంచి 18కి తగ్గిందని రాసుకుంది.

చిక్కంతా మా అత్తమ్మ మాటతో వచ్చింది. "హాస్టల్ పిల్లలు వార్డెన్ ఎవరికి వెయ్యమంటే వాళ్లకే వేస్తరు" అన్నది. పిల్ల దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. అప్పటినుంచి పిల్లకు ఒకటే టెన్షన్. నిజమే, ఇంటర్ పిల్లలను పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతాం, పేపర్ చదివే తీరిక కూడా ఇవ్వం. అది వాళ్ల తప్పా?

వయసు 18కి తగ్గాక వచ్చిన 1989 ఎన్నికల్లో 18, 19 ఏళ్లకే ఓటేసినవాళ్లు, ముఖ్యంగా పరకాల, నర్సంపేట, జనగామ వైపువాళ్లు ఉంటే చెప్పండి. అప్పుడూ పెద్దలు ఇదే మాట అన్నారా? ఇంట్లో చెప్పినవాళ్లకే వేశారా, సొంతంగా ఆలోచించారా? 16కి వద్దనేవాళ్లు కూడా కారణం రాయండి, అవతలివైపు నుంచి అదే ప్రశ్న వస్తుంది. శుక్రవారం లోపు అయితే మేలు.