బ్యారీ శాండర్స్ 1999లో అలా వెళ్ళిపోవడం సబబేనా?

నోవై నర్సాపురం:
నిన్న మా పాట్‌లక్‌లో మొదలై తేలకుండా మిగిలిన గొడవ ఇది. కొత్తగా అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నవాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. బ్యారీ శాండర్స్ మా డెట్రాయిట్ లయన్స్ రన్నింగ్ బ్యాక్. బంతి చంకలో పెట్టుకుని పదకొండుమంది మధ్యలోంచి దారి చేసుకుని పరిగెత్తడం ఆయన పని. 1989 నుంచి 1998 దాకా పది సీజన్లు ఆడాడు, పదింట్లోనూ వెయ్యి గజాలు దాటాడు. మొత్తం 15,269. అప్పటికి ఒక కెరీర్‌లో అత్యధిక గజాల రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726. అంటే 1998లో ఆడినట్టే (1,491) ఇంకొక్క ఏడాది ఆడినా రికార్డు ఆయనదే. వయసు 31. ఒంట్లో పెద్ద దెబ్బలేమీ లేవు. అలాంటివాడు 1999 జులై 27న, ట్రైనింగ్ క్యాంప్ మొదలయ్యే వేళకి, సొంతూరు విచిటాలోని పేపర్‌కి ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. ప్రెస్ మీట్ లేదు, వీడ్కోలు మ్యాచ్ లేదు.

నా మాట: ఆయన తప్పేమీ లేదు. తప్పంతా లయన్స్ యాజమాన్యానిదే.

ఫ్రిస్కో బావ:
మానేసే హక్కు లేదని ఎవరన్నారండీ? వెళ్ళిన తీరు గురించే నా అభ్యంతరం. ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళని తీసుకోవడం), డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకోవడం) రెండూ వసంతంలోనే అయిపోతాయి. జులై ఆఖర్లో చెప్తే ఆ జాగాలోకి ఎవర్ని తెస్తారు? ఆ వేసవంతా కోచ్ బాబీ రాస్ ఫోన్లకి కూడా జవాబు లేదు. రెండేళ్ళ ముందే, 1997లో, ఆరేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టి 11 మిలియన్ డాలర్ల బోనస్ తీసుకున్నాడు. మన ఆఫీసుల్లో రెండు వారాల నోటీసు ఇవ్వకపోతేనే ఎన్ని మాటలంటాం!

మా డాలస్ కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్‌ని చూడండి. 1993 సీజన్ చివరి ఆటలో, జెయింట్స్ మీద, భుజం పక్కకి జరిగినా మైదానం వదల్లేదు. 168 గజాలు పరిగెత్తి, పది పాస్‌లు పట్టి ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు. ఆ ఏడే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలిచారు. పదిహేను సీజన్లు, 18,355 గజాలు. టీమ్ కోసం నిలబడటమంటే అదీ.

పాత స్కోరుబోర్డు:
ఎమిట్ భుజం కథ నాకూ ఇష్టమే కానీ, దాన్ని బ్యారీ మీద కొట్టడానికి వాడకండి. ఎమిట్ ముందు నడిచిన లైన్‌ని (ముందు వరసలో అవతలివాళ్ళని అడ్డుకునేవాళ్ళని) చూశారా? లారీ అలెన్, నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్. వాళ్ళ వెనక డారిల్ జాన్‌స్టన్ లాంటి ఫుల్‌బ్యాక్ (రన్నింగ్ బ్యాక్ ముందు పరిగెత్తి దారి తీసేవాడు) తలుపు తీసి పెట్టేవాడు. పాస్ వేయడానికి ట్రాయ్ ఐక్‌మన్, పట్టడానికి మైకేల్ ఇర్విన్. డిఫెన్స్ ఎవర్ని ఆపాలో తేల్చుకునేలోపు ఎమిట్ నాలుగు గజాలు లాగేసేవాడు.

బ్యారీకి కెరీర్ మొదట్లో చాలాకాలం అసలు ఫుల్‌బ్యాకే లేడు. లయన్స్ నలుగురు రిసీవర్లని (పాస్‌లు పట్టేవాళ్ళని) పెట్టి ఆడేవాళ్ళు. వెనకాల ఒంటరిగా ఈయన. బంతి అందేసరికే ఇద్దరు మీద పడేవాళ్ళు. అందుకే ఆయన ఆట విచిత్రంగా ఉండేది: రెండు సార్లు వెనక్కి, ఒకసారి అడ్డంగా, నాలుగోసారి అరవై గజాలు. అయినా కెరీర్ సగటు పరుగుకి 5.0 గజాలు. ఎమిట్‌ది 4.2. 1997లో మొదటి రెండు ఆటల్లో కలిపి 53 గజాలే. ఆ తర్వాత వరసగా పద్నాలుగు ఆటల్లో వంద దాటి, సీజన్ మొత్తం 2,053 చేశాడు. ఆ ఏడు ముందు నిలబడటానికి టామీ వార్డెల్ అనే ఫుల్‌బ్యాక్ ఉన్నాడని గమనించండి. ఒక్క మనిషి సాయం దొరికితేనే అలా!

ఇంకోవైపూ ఉంది, అదీ చెప్పాలి. 1994 ప్లేఆఫ్‌లో (సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో) గ్రీన్ బే మీద 13 పరుగులకి మైనస్ 1 గజం. ఆ రోజు ఆయన్ని కట్టిపడేశారు, లయన్స్ 16-12తో ఓడారు. బ్యారీ ఒంటిచేత్తో గెలిపిస్తాడనేది అభిమానుల మాట మాత్రమే.

కొత్త ప్రేక్షకురాలు:
ఒక్క సందేహం. రికార్డుకి అంత దగ్గరకొచ్చి ఎవరైనా ఎలా వదిలేస్తారు? నిజంగా ఆ ధ్యాసే లేదా, లేక పైకి అలా కనిపించేవాడా?

పాత స్కోరుబోర్డు:
ధ్యాస లేదనే నమ్ముతాను అమ్మా. ఆయన మొదటి ఏడు, 1989, ఆఖరి ఆటలో కాన్సస్ సిటీ రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ ఒకోయె కన్నా పది గజాలు వెనకున్నాడు. ఇంకొక్క పరుగు చాలు, లీగ్‌లో నంబర్ వన్ అయిపోవడానికి. కోచ్ వేన్ ఫాంటెస్ మళ్ళీ దిగుతావా అని అడిగితే వద్దన్నాడు. ఆట ఎలాగూ గెలిచేశాంగా అని. అప్పటికి 21 ఏళ్ళ కుర్రాడు. టచ్‌డౌన్ చేసినా గంతులుండవు, బంతి రిఫరీ చేతికిచ్చి వచ్చేసేవాడు.

ఉప్పల్ గ్యాలరీ:
నేను హైదరాబాద్ నుంచి చదువుతున్నా, ఈ ఆట అంతగా తెలీదు. కానీ ఈ కథ వినగానే మన లక్ష్మణ్ గుర్తొచ్చాడు. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కి టీమ్‌లో పేరుంది, మొదటి టెస్టు ఉప్పల్‌లోనే. సొంతూళ్ళో ఆఖరి మ్యాచ్ ఆడి పూలదండలతో వెళ్ళొచ్చు. ఐదు రోజుల ముందు చాలించానన్నాడు. ఆయన్ని మనం తిట్టామా?

ఫ్రిస్కో బావ:
పోలిక కుదరదు సార్. లక్ష్మణ్‌కి 37, పైగా ప్రెస్ ముందు కూర్చుని తన నోటితో చెప్పాడు. బోనస్ గొడవా లేదు. ఫ్యాక్స్ ఎక్కడ, అది ఎక్కడ!

నోవై నర్సాపురం:
సరే, బోనస్ దగ్గరికే వద్దాం. టీమ్ ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) వెళ్ళింది, కొంత తిరిగి కట్టమన్నారు. అంటే ఆ లెక్క చట్టప్రకారం తేలింది. ఇక నైతికం అంటారా, మరి యాజమాన్యం సంగతేంటి? ఆయన ముందు లైన్ మధ్యలో నిలబడ్డ సెంటర్ కెవిన్ గ్లోవర్‌ని 1997 తర్వాత వదిలేశారు. ఆ లైన్‌లోనే ఆడిన లోమస్ బ్రౌన్ అంతకు ముందే వెళ్ళిపోయాడు. 1998లో 5 గెలుపులు, 11 ఓటములు. గెలవాలన్న పట్టుదల ఆ సంస్థలో కనపడక తన ఉత్సాహం పోయిందని బ్యారీ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు.

దానికి తోడు, నాకు అన్నిటికన్నా బరువైనది ఇది. 1991లో మైక్ అట్లీ మైదానంలో పడి ఛాతీ కింద నుంచి చచ్చుబడ్డాడు. 1997లో బ్యారీ రెండువేల గజాలు దాటిన అదే ఆటలో రెజీ బ్రౌన్ వెన్నుకి దెబ్బ తగిలి కదలకుండా పడిపోయాడు. ఇద్దరూ సాటి ఆటగాళ్ళే. ఇంకో ఏడాది ఎందుకు ఆడలేదని సోఫాలో కూర్చుని అడగడం తేలికే. ఇక, 2016లో లయన్స్ రిసీవర్ కాల్విన్ జాన్సన్ కూడా 30 ఏళ్ళకే మానేశాడు, ఆయన దగ్గరా లయన్స్ మిలియన్ డాలర్లకు పైగా వెనక్కి తీసుకున్నారు. ఒకే సంస్థలో ఇద్దరు దిగ్గజాలు అలా వెళ్ళిపోతే లోపం ఎవరిదంటారు?

ఫ్రిస్కో బావ:
రెజీ బ్రౌన్ విషయంలో మీతో వాదించను. కానీ ఒక్కటి మీరెవరూ ఎత్తడం లేదు. బ్యారీ వెళ్ళిపోయిన 1999లోనే లయన్స్ 8-8తో (8 గెలుపులు, 8 ఓటములు) ప్లేఆఫ్‌కి వెళ్ళారు. ఆయనతో 5-11, ఆయన లేకుండా 8-8. అంత పనికిమాలిన టీమ్ అయితే అదెలా?

పాత స్కోరుబోర్డు:
వెళ్ళారు, మొదటి ఆటలోనే వాషింగ్టన్ చేతిలో 27-13తో ఓడారు. మళ్ళీ ప్లేఆఫ్ ముఖం చూసింది 2011లో. మధ్యలో 2008లో పదహారుకి పదహారూ ఓడిన ఏడాది కూడా ఉంది. బ్యారీ కాలంలో 1992 జనవరిలో మీ డాలస్‌ని 38-6తో కొట్టాక, ప్లేఆఫ్‌లో ఇంకో గెలుపు రావడానికి 2024 జనవరి దాకా ఆగాల్సొచ్చింది. 8-8ని పట్టుకుని వేలాడకండి.

ఫ్రిస్కో బావ:
ఆ 38-6 ఎత్తుతారని తెలుసు. అప్పటికి ఎమిట్‌కి అది రెండో సీజనే. ఆ మరుసటి ఏడు నుంచి వరసగా రెండు సూపర్ బౌల్స్, మొత్తం నాలుగేళ్ళలో మూడు. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది: మార్చిలో చెప్పాల్సింది జులైలో ఎందుకు చెప్పాడు?