కాటి సీనుకి మైకులు, శృతి, లైట్లు: కాకినాడలో వేయబోతున్నాం

గోదారిగట్టు:
సూర్యకళామందిర్‌లో హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను ఒక్కటే గంటసేపు వేయాలనుకుంటున్నాం. ఇద్దరు నటులు, లోహితాస్యుడిగా ఒక పిల్లవాడు, హార్మోనియం, తబలా. హార్మోనియం మెట్ల లెక్కలో హరిశ్చంద్రుడిది ఒకటిన్నర శృతి, చంద్రమతిది ఐదు. పద్యం ఒకరి నుంచి ఒకరికి మారినప్పుడల్లా చెవికి ఎబ్బెట్టుగా ఉంది. మైకులు ఒంటికి పెట్టాలా, స్టేజి అంచున పెట్టాలా? చితి మంట ఎలా చూపించాలి?

మెట్లపెట్టె:
ఎబ్బెట్టుకి కారణం గొంతులు కాదు, శృతులే. ఒకటిన్నర షడ్జమం (స) అనుకుంటే ఐదు దానికి సరిగ్గా ప్రతిమధ్యమం (పెద్ద మ). ఇద్దరి స, ప లలో కలిసే స్వరం ఉండదు కాబట్టి మారిన ప్రతిసారీ కుదుపు తగులుతుంది. చంద్రమతిని నాలుగున్నరకి దించండి. అప్పుడు హరిశ్చంద్రుడి షడ్జమమే ఆమెకి పంచమం (ప). హార్మోనిస్టు ఆ మెట్టు మీద నుంచి వేలు తీయక్కర్లేదు, తబలా కూడా ఆ స్వరానికే కట్టుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. ఐదున్నరకి పెంచినా లెక్క కుదురుతుంది గానీ, ఏడుస్తూ నాలుగో పాదం చివర రాగం తీయాలంటే పైస్థాయిలో గొంతు బిగుసుకుంటుంది. నేనైతే దించమనే చెబుతాను.

ఇంకొకటి. వచనం ముగిశాక హార్మోనియం మొదలైతే నటుడు శృతి కోసం తడుముకున్నట్టు కనబడతాడు. వచనంలో చివరి రెండు మాటల కిందే సన్నగా షడ్జమం అందించాలి. అందుకే హార్మోనిస్టుకి నటుడి నోరు కనబడాలి. పక్క తెర వెనక్కి నెట్టేయకండి.

సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ. ఏసీ వేసి అరగంట గడిచాక తబలా మళ్ళీ శృతి చేసుకోండి, చర్మం తప్పకుండా మారుతుంది.

తెరవెనక:
మైకుల సంగతి. కాటికాపరికి ఒంటి మీద చొక్కా ఉండదు, గొంగళి ఉంటుంది. ఛాతీకి అంటిస్తే చెమటకి ఊడుతుంది, గొంగళి రాసుకుని గరగర వస్తుంది. విగ్గు అంచు కింద, నుదుటి పైన టేపుతో అంటించండి. గెయిన్ (మైకు గొంతుని ఎంత పెంచాలో చెప్పే మీట) మాటలకి కాదు, నటుడి చేత అత్యంత పైస్థాయి రాగం పాడించి దానికి సెట్ చేయండి. లేకపోతే మాట బాగుండి, పద్యం పగులుతుంది.

స్టేజి అంచున రెండు మైకులు అదనంగా పెట్టుకోవచ్చు. మైకు నుంచి నటుడికి ఎంత దూరమో, రెండు మైకుల మధ్య దానికి మూడింతలు ఉండాలి. దగ్గరైతే ఒకే గొంతు రెండింటిలో పడి బోలుగా వినిపిస్తుంది. స్పీకర్లు మైకులకన్నా ముందు, ప్రేక్షకుల వైపు ఉండాలి. వెనక ఉంటే స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులో పడి కూత తప్పదు. కాటికాపరి కర్ర దెబ్బ చెక్క నేల గుండా మైకులోకి బాంబులా వెళుతుంది: కర్ర కొనకి పాత చెప్పు రబ్బరు ముక్క కొట్టండి, మైకు కింద స్పాంజి వేయండి.

నీలిదీపం:
శ్మశానం అనగానే ముందునుంచి నీలం కొడతారు, ముఖం సీసంలా అయి కన్నీళ్ళు కనబడవు. నీలం వెనక నుంచి, పై నుంచి రానివ్వండి. ముందు నుంచి తక్కువ వెలుతురులో లేత పసుపు, రెండు పక్కల నుంచి. చితికి నిజం నిప్పు వద్దే వద్దు. నారింజ ఎల్‌ఈడీ, చిన్న ఫ్యాను, పైకి ఎగిరేలా కత్తిరించిన పల్చటి పట్టు గుడ్డ పీలికలు చాలు. పొగ తెర తీయకముందే కొద్దిగా వదిలి ఆపేయండి. పద్యాల మధ్య వదిలితే గొంతు ఎండిపోతుంది.

వెయ్యి వాట్ల పార్ లైట్లు (డబ్బాలాంటి స్టేజి లైట్లు) ఎనిమిదైతే 230 వోల్టుల మీద దాదాపు 35 ఆంపియర్లు లాగుతాయి. పెద్ద పవర్ ప్లగ్గు కూడా 16 ఆంపియర్లే. హాలు ఎలక్ట్రీషియన్ని పిలిచి, లైట్లకి ఒక ఫేజు, సౌండుకి వేరే ఫేజు ఇవ్వమనండి. ఒకే లైను మీద పెడితే డిమ్మరు తిప్పినప్పుడల్లా స్పీకర్లో బుర్రుమంటుంది, అదీ సరిగ్గా కాటి సీనులో కవి జాషువా పద్యాలు మొదలయ్యే నిశ్శబ్దంలో.