గంగవావిలి కూర: కలుపుగా పీకి పారేసేది రోజూ తినదగ్గదేనా?

ప్రశ్న:
కుండీల్లోను, మడుల అంచుల్లోను గంగవావిలి దానంతటదే మొలిచి పాకుతోంది. ఇందులో ఒమేగా-3 (ఒక రకం కొవ్వు ఆమ్లం) ఉందని, గుండెకు మేలని చదివాను. మా నాన్నగారికి లోగడ మూత్రపిండంలో రాళ్లు వచ్చాయి కనుక, ఇంటిల్లిపాదీ తినవచ్చో లేదో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1:
తినవచ్చునండీ, పోషకాల విషయంలో ఇది నిజంగానే మంచి ఆకుకూర. వంద గ్రాముల పచ్చి ఆకులో దాదాపు 93 గ్రాములు నీరే అయినా, సుమారు 21 మిల్లీగ్రాముల విటమిన్ సి, 68 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 490 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటాయి. ఒమేగా-3 సంగతికి వస్తే, ఇందులో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల్లో దొరికే రకం ఒమేగా-3. వంద గ్రాములకు 300 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా లభిస్తుంది. ఆకుకూరల్లో ఇది చాలా ఎక్కువే. అయితే పెద్దలకు రోజుకు 1.1 నుంచి 1.6 గ్రాములు కావాలి, పైగా చేపల్లో దొరికే రకం ఒమేగా-3గా మన శరీరం దీన్ని మార్చుకోగలిగేది కొద్ది భాగమే. కాబట్టి దీన్ని గుండె మందుగా ప్రచారం చేయడం అతిశయోక్తి అని నా అభిప్రాయం.

జవాబు 2:
మీ నాన్నగారి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పాలకూరలాగే దీనిలోనూ ఆక్సలేట్లు (ఆకుల్లో సహజంగా ఉండి, కాల్షియంతో కలిస్తే గట్టిపడే పదార్థాలు) అధికం. రాళ్లలో ఎక్కువగా కనిపించేది కాల్షియం ఆక్సలేటే. నీళ్లలో ఉడికించి ఆ నీటిని వార్చేస్తే కరిగే ఆక్సలేట్లు కొంత పోతాయి గాని, వాటితోపాటు విటమిన్ సి, పొటాషియం కూడా కొంత పోతాయి. పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది కనుక ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఇన్ని చేసినా, రాళ్లు వచ్చినవారు, మూత్రపిండాల పనితీరు తగ్గి పొటాషియం పరిమితి పాటించేవారు వైద్యుణ్ణి అడగకుండా తినకపోవడమే మేలు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆయనకు వడ్డించే ముందు వైద్యుణ్ణి సంప్రదిస్తాను. ఉదయం కోసిన ఆకు బాగా పుల్లగా ఉంటోంది, అది చెడిపోయిన లక్షణమా?

జవాబు 3:
కాదండీ. నీటి ఎద్దడిలో ఈ మొక్క రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగటి వెలుగులో వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున పులుపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ.

దీనికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. దీని పక్కనే, నేలకు అంటుకొని పాకే పాల మొక్కలు కొన్ని చూపులకు దీన్నే పోలి ఉంటాయి. కోసేటప్పుడు కాడను తుంచి చూడండి: గంగవావిలి కాడ నున్నగా, కండగలిగి ఉండి, తుంచినచోట తేటనీరు ఊరుతుంది, తెల్లని పాలు కారితే అది వేరే మొక్క, అటువంటి కొన్నిటి పాలు చర్మాన్ని, కడుపును మండిస్తాయి, నోట పెట్టకండి. కలుపు మందు చల్లిన చోటిదీ, రద్దీ రోడ్డు అంచున పెరిగినదీ ఎంత లేతగా ఉన్నా కోయవద్దు.