ఓపీ కౌంటర్‌లో కంప్యూటర్ పెట్టాక లైను కదలట్లేదు

ఓపీ_డెస్క్:
వంద పడకల ఏరియా ఆసుపత్రి. ఉదయం 9 నుంచి 12 లోపు 400 ఓపీ, రెండు కౌంటర్లు. చేత్తో చీటీ రాయడం మానేసి కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ మొదలైంది. పదింటికల్లా లైను గేటు దాటుతోంది. పైగా రిజిస్టరు కూడా రాయమంటున్నారు. సీనియర్ సిస్టర్లు కీబోర్డు జోలికే రావట్లేదు. ఎక్కడ సర్దుకోవాలి?

రికార్డ్‌రూమ్:
లెక్క చూడండి సార్, మనిషికి 54 సెకన్లు వస్తాయి. అందులో కౌంటర్ దగ్గరే ఆభా (ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట కలిపే డిజిటల్ హెల్త్ నంబరు) తీస్తామంటే కుదరదు. ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబరుకే పోతుంది. ఆ ఫోను ఇంట్లో కొడుకు దగ్గరుంటుంది. ఆభా ఐచ్ఛికమే, తప్పనిసరి కాదు. పేరు, వయసు, ఊరు, ఫోను, డిపార్ట్‌మెంటు తీసుకుని చీటీ కొట్టేయండి. ఆభాకి పక్కన వేరే టేబుల్ వేయండి.

పాత రోగిని పేరుతో వెతకొద్దు. లక్ష్మిని ఇంగ్లీషులో ఒక్కో ఆపరేటరు ఒక్కోలా కొడతారు. దొరక్క కొత్త నంబరిస్తే షుగర్ రిపోర్టులన్నీ పాత నంబరులోనే ఉండిపోతాయి. ఫోనుతో వెతికి వయసు, ఊరు సరిచూడండి. ఒకే ఫోను మీద ఇంటిల్లిపాదీ ఉంటారు మరి.

రిజిస్టరు రెండోసారి రాయడం దండగ. కరెంటు పోయినప్పటికి ముందే నంబర్లు వేసిన చీటీల కట్ట చాలు. అన్నట్టు, యూపీఎస్‌కి మోడెమ్ కూడా తగిలించారా? చాలాచోట్ల మరిచేది అదే.

వార్డు_ఇన్‌ఛార్జ్:
సిస్టర్ల భయం కీబోర్డంటే కాదండీ. ఒకే లాగిన్‌తో అందరూ కొడితే, ఎవరో చేసిన తప్పు లాగిన్ ఎవరిదైతే వాళ్ల మీద పడుతుంది. ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి, తప్పు కొడితే ఎలా దిద్దాలో మొదటిరోజే చూపించండి. ఇంకోటి: ఎనిమిదింటికి చూసిన బీపీ ఒంటిగంటకి ఎక్కిస్తే ఒంటిగంట రీడింగులా కనిపిస్తుంది. చూసిన టైము వేసే గడి ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టించాల్సిందే.

మందుల_కౌంటర్:
ఓపెనింగ్ స్టాకు సాయంత్రం కౌంటర్ మూశాకే లెక్కపెట్టి, బ్యాచ్, ఎక్స్‌పైరీలతో ఎక్కించండి. 100 స్ట్రిప్పులని యూనిట్ దగ్గర మాత్రలుగా కొడితే, పదేసి మాత్రల చొప్పున పదిమందికిచ్చేసరికి తెరమీద సున్నా. అల్మారాలో ఇంకా 90 స్ట్రిప్పులుంటాయి!

ఓపీ_డెస్క్:
ల్యాబ్‌లో బార్‌కోడ్ సగం ట్యూబులకి చదవట్లేదు మేడమ్, దానికేమైనా ఉందా?

వార్డు_ఇన్‌ఛార్జ్:
లేబుల్ అడ్డంగా చుడుతున్నట్టున్నారు. గీతలు గుండ్రంగా తిరిగిపోతే స్కానర్‌కి అందవు. ట్యూబు పొడవునా, మూత కింద నుంచి, ముడత లేకుండా అంటించమనండి.