గెలాక్సీ దొరికింది, వెనకున్న క్వేజార్ ఏది?

డాబ్ మోసేవాడు:
మొన్న నవంబర్ అమావాస్యకి వికారాబాద్ దాటాక ఒక పొలం గట్టు మీద నా 12 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు దించాను, పెగాసస్ నక్షత్ర మండలంలో ఐన్‌స్టీన్ క్రాస్ కోసం. అంటే ఒక గెలాక్సీ, దాని వెనకెక్కడో ఉన్న ఒక క్వేజార్ (చాలా దూరాన భగ్గుమనే గెలాక్సీ కేంద్రం) దాని చుట్టూ నాలుగు చుక్కలుగా కనబడే చోటు. వెతగ్గా వెతగ్గా ఓరచూపుకి ఒక మసక తగిలింది. నేరుగా చూస్తే మాయం. అది ముందున్న గెలాక్సీయే అనుకుంటా. నాలుగు చుక్కలు మాత్రం కనిపించలేదు. గెలాక్సీ సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, క్వేజార్ 800 కోట్ల దూరంలో ఉన్నాయంటారు. అంతది సరిగ్గా అడ్డం నిలబడితే వెనకది అసలెలా కనబడుతుంది? కూడా వచ్చిన మా బావమరిది ఇదే అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

చుక్కల పిచ్చి:
గెలాక్సీ పందిరి లాంటిదండీ, సందుల్లోంచి వెలుగు పడుతూనే ఉంటుంది. ధూళి కొంత మింగి, మిగిలినదాన్ని కాస్త ఎర్రగా చేస్తుంది. పైగా దాని గురుత్వం కాంతిని వంచి ఒక్క క్వేజార్‌నే నాలుగుగా చూపిస్తుంది. 1985లో జాన్ హుక్రా బృందానికి ఇది దొరికిందే అలా: దగ్గరి గెలాక్సీ నడిబొడ్డు వర్ణపటంలో 1.7 రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు జరగడం, ఎంత ఎక్కువైతే అంత దూరం) ఉన్న క్వేజార్ గీతలు!

నాకు బాగా నచ్చేది ఇంకోటి. నాలుగు దారుల మధ్య కాంతి ప్రయాణంలో తేడా ఒక రోజుకు అటూఇటూ. క్వేజారే మెరిస్తే నాలుగూ దాదాపు ఒకేసారి మెరవాలి. అందుకే ఒక చుక్క ఒక్కటే నెలల తరబడి మెరిస్తే, ముందు గెలాక్సీలోని నక్షత్రమేదో ఆ దారిలోకి వచ్చిందని అర్థం. 1989లో మొదటిసారి ఇక్కడే పట్టుకున్నారు. అడ్డొచ్చినదే వెలుగు పెంచింది, మీ బావమరిదికి చెప్పండి.

ఇక మీకు కనబడకపోవడం మీ తప్పు కాదు. ఒక్కో చుక్క 17వ మాగ్నిట్యూడ్ దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ మసక), నాలుగూ 2 ఆర్క్‌సెకన్లలోపే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), మధ్యలో గెలాక్సీ కేంద్రం వెలుగు.

కెమెరా పక్షం:
మార్చి దాకా ఆగి సప్తర్షి మండలంలో జంట క్వేజార్ (ఒకే క్వేజార్ రెండు చుక్కలుగా) చూడండి. 1979లో బయటపడ్డ మొట్టమొదటి గురుత్వ కటకం (ఇలా గురుత్వం కాంతిని వంచి చూపించేది) అదే. చుక్కల మధ్య 6 ఆర్క్‌సెకన్ల ఎడం, ముందున్న గెలాక్సీ బాగా మసక కాబట్టి అడ్డు రాదు. ఒకదాని మెరుపు రెండోదాంట్లో 417 రోజుల తర్వాత వస్తుంది. నేను 8 అంగుళాల టెలిస్కోపుతో నిమిషం చొప్పున 70 ఫోటోలు తీసి పేర్చితే రెండూ విడిగా వచ్చాయి. ముందు ఎన్‌జీసీ 3079 గెలాక్సీని పట్టుకోండి, పక్కనే.

డాబ్ మోసేవాడు:
నాది చేత్తో తోసుకునేదండీ, ట్రాకింగ్ లేదు, కెమెరా కుదరదు. మార్చిలో మీరెక్కడ కూర్చుంటారో చెప్పండి. టీ ఫ్లాస్కు నాది. బావమరిది కూడా వస్తాడట.