35 దాటాక కంపెనీలో ఏం చూడాలి: ప్యాకేజీయా, మిగతావా?

మియాపూర్ మిత్ర: నాకు 37. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి 30 శాతం హైక్, కానీ ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్లాలి. రెండోది 10 శాతమే, వారానికి రెండు రోజులు వెళ్తే చాలు. ఇంట్లో మొదటిదే ఖాయం చేసేశారు. మీరేమంటారు?

ఈఎమ్ఐ బాబాయ్: డబ్బు చూసుకోండి. ఇంటి నుంచి పని అనేది ఒక్క మెయిల్‌తో పోతుంది. 2023లో టీసీఎస్ ఐదు రోజులూ రమ్మంది, ఎవరేం చేయగలిగారు? పెరిగిన జీతాన్ని మాత్రం తగ్గించరు.

మధ్యతరం: ఆ 30 శాతంలో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఎంతో ముందు అడగండి బాబాయ్, తగ్గేది అదే.

అసలు మన వయసులో లెక్క వేరు. కింద పిల్లలు, పైన అమ్మానాన్నలు. నేనైతే మొదట అడిగేది కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉంటారా అని. బయట సొంతంగా పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న షుగర్, బీపీలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీల్లో చాలావాటికి మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. 70 ఏళ్ల నాన్నకు మూడేళ్లు ఆగమని ఎలా చెప్తాం?

రెండోది క్రెష్, అంటే పని వేళల్లో చిన్నపిల్లల్ని చూసుకునే చోటు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలైందని అందరికీ గుర్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని కూడా అందులోనే పెట్టారు. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగిన మగవాణ్ని నేనింతవరకు చూడలేదు. (ఆడవాళ్లు అడిగితే వేరే అర్థాలు తీస్తారు, అదింకో గొడవ.)

మేనేజర్‌నే, తిట్టుకోండి: సీనియర్లంతా ఇంట్లో కూర్చుంటే కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేదెవరు? చిన్న డౌట్‌కి మెసేజ్ పెట్టి గంటసేపు ఎదురుచూస్తున్నారు పాపం.

మధ్యతరం: ఇది ఒప్పుకుంటానండీ. నేర్పడానికి రమ్మంటే వస్తాం. మా బాధ రావడం గురించి కాదు, ఇంటికెళ్లే టైమ్ తెలియకపోవడం గురించి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు 90 అన్నారు. వాళ్లు కనీసం అంకె చెప్పారు. మా వాళ్లు సాయంత్రం ఏడింటికి "క్విక్ కాల్" అంటారంతే.

మియాపూర్ మిత్ర: రెండు కంపెనీలకూ ఇన్సూరెన్స్ గురించి మెయిల్ పెట్టాను. రెండో కంపెనీ పాలసీలో అమ్మానాన్నలను చేర్చుకోవచ్చట, ప్రీమియం మాత్రం నా జీతంలోంచే. మొదటి కంపెనీ ఇంకా పలకలేదు.

ఈఎమ్ఐ బాబాయ్: ఆ ప్రీమియం ఎంతో కనుక్కుని 10 శాతంలోంచి తీసేయండి. అప్పుడు మాట్లాడదాం.